ఉపగ్రహానికి 12 ఏళ్ల ఆయుష్షు అంటే ఏమిటి? మా డిష్‌కి రోజూ రెండుసార్లు సిగ్నల్ పడిపోతోంది

కోనసీమ కేబుల్
సెప్టెంబరు 19, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర చిన్న కేబుల్ ఆపరేషన్. మొదట నాన్నగారు చూసేవారు, ఇప్పుడు నేను చూస్తున్నాను. డాబా మీద నాలుగు డిష్‌లు ఉన్నాయి. అందులో పన్నెండడుగుల మెష్ డిష్ మన దేశానిదే ఓ పాత సీ-బ్యాండ్ ఉపగ్రహం వైపు తిప్పి ఉంది. ఆరేడు నెలల నుంచి దానితో నాకు నిద్ర లేదు. రోజుకు రెండుసార్లు సిగ్నల్ క్వాలిటీ 78 నుంచి 50 దగ్గరికి పడిపోతుంది. బొమ్మ గడులు గడులుగా విరిగి ఆగిపోతుంది. గంటా గంటన్నరకి దానంతట అదే బాగవుతుంది. ఎల్ఎన్‌బి (డిష్ ముందు సిగ్నల్ పట్టే పరికరం) రెండుసార్లు మార్చాను, కనెక్టర్లు మార్చాను, కేబుల్ మొత్తం కొత్తది లాగాను. ఏం తేడా లేదు.

మొన్న ఛానెల్ వాళ్ల నుంచి లెటర్ వచ్చింది. "ఉపగ్రహం సేవాకాలం ముగుస్తున్నందున" నెలాఖరులోగా కొత్త ఉపగ్రహానికి మారిపోమన్నారు. నా ప్రశ్నలు రెండు. ఒకటి, 12 ఏళ్లు, 15 ఏళ్లు అని రాస్తారు కదా, మందు సీసా మీద గడువు తేదీ లాంటిదా అది? ఆ రోజు రాగానే ఆగిపోతుందా? రెండు, నా డిష్ బాధకీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?

డిష్ సూరి
సెప్టెంబరు 19, రాత్రి 11:05

అన్నా, ఇది వేడి వల్ల వచ్చే తేడాలా ఉంది. మధ్యాహ్నం ఎండకి ఎల్ఎన్‌బి వేడెక్కి ఫ్రీక్వెన్సీ జరుగుతుంది. మధ్యాహ్నం పూటే పోతోందా? అలా అయితే ఎల్ఎన్‌బి మీద నీడ పడేలా చిన్న రేకు కట్టి చూడు.

కోనసీమ కేబుల్
సెప్టెంబరు 19, రాత్రి 11:20

నేనూ మొదట అదే అనుకున్నాను తమ్ముడూ. కానీ మధ్యాహ్నం ఎంతసేపు పోతుందో తెల్లవారుజామునా అంతసేపే పోతోంది. అర్ధరాత్రి దాటాక డాబా మీద మంచు పడుతుంటే వేడెక్కడిది?

నింగి కాపరి
సెప్టెంబరు 20, ఉదయం 6:15

కేబుల్ గారూ, నేను ఉపగ్రహ నియంత్రణలో చాలా ఏళ్లు పనిచేసి రిటైర్ అయ్యాను. ఒక్క మాట చెప్పండి. ఏ రోజు సరిగ్గా ఎన్ని గంటలకు పోయిందో ఎక్కడైనా రాసుకున్నారా? సుమారుగా కాదు, గంట, నిమిషం కావాలి.

కోనసీమ కేబుల్
సెప్టెంబరు 20, ఉదయం 8:50

రాశానండీ. ఏ కస్టమర్ ఎప్పుడు ఫోన్ చేశాడో నోటుబుక్కులో రాయడం నాన్నగారు నేర్పిన అలవాటు. బాగా పడిపోయిన సమయాలు ఇవి: ఆగస్టు 20న మధ్యాహ్నం 3:10, సెప్టెంబరు 4న 2:10, నిన్న 1:10. రాత్రి పూట కూడా దాదాపు అవే అంకెలు. ఇప్పుడు రాస్తుంటేనే గమనించాను, ప్రతి పదిహేను రోజులకీ గంట ముందుకు జరిగింది!

లెక్కల మాస్టారు
సెప్టెంబరు 20, ఉదయం 9:32

పదిహేను రోజులకు గంట అంటే రోజుకు 4 నిమిషాలు. భూమి తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి పట్టేది 24 గంటలు కాదు, నక్షత్రాల లెక్కలో 23 గంటల 56 నిమిషాలు. ఆ తేడా సరిగ్గా 4 నిమిషాలు. ఏ నక్షత్రమైనా రోజూ 4 నిమిషాలు ముందుగా ఉదయించేది ఇందుకే. భూమితో పాటే తిరుగుతూ ఒకే చోట ఉన్నట్టు కనిపించే భూస్థిర ఉపగ్రహం కక్ష్యాకాలం కూడా అదే 23 గంటల 56 నిమిషాలు. కేబుల్ గారూ, మీ ఎల్ఎన్‌బి ఎండను చూస్తోంది అనుకుంటే రోజూ ఒకే వేళకు పోవాలి. నక్షత్రాల గడియారంతో పోతోందంటే తప్పు మీ డాబా మీద లేదు. ఆకాశంలో ఉపగ్రహమే కదులుతోంది.

నింగి కాపరి
సెప్టెంబరు 20, ఉదయం 11:48

మాస్టారు చెప్పేశారు. ఆ నోటుబుక్కు జాగ్రత్తగా దాచుకోండి కేబుల్ గారూ. ఏ పరికరమూ లేకుండా ఒక ఉపగ్రహం కక్ష్య వంగిందని మీరు కనిపెట్టారు.

మీ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే, అది ఇంధనం. భూస్థిర ఉపగ్రహం భూమధ్యరేఖకు సరిగ్గా పైన, 35,786 కి.మీ. ఎత్తున ఉంటుంది. అక్కడ పెట్టేసి వదిలేస్తే అలా ఉండిపోదు. సూర్యుడు, చంద్రుడు దాన్ని లాగుతూనే ఉంటారు. ఆ లాగుడుకి కక్ష్య ఏడాదికి సగటున 0.85 డిగ్రీల చొప్పున వంగుతుంది. వంగితే ఉపగ్రహం రోజుకోసారి భూమధ్యరేఖకు ఉత్తరానికీ దక్షిణానికీ ఊగుతుంది. కింద నుంచి చూస్తే ఆకాశంలో సన్నటి 8 అంకె గీస్తున్నట్టు ఉంటుంది. మేము కొన్ని రోజులకోసారి చిన్న థ్రస్టర్లు (తోపుడు ఇంజిన్లు) మండించి ఆ వంపు తీసేస్తూ ఉంటాం. ఇంధనంలో అసలు ఖర్చు ఇదే. తూర్పు పడమరల్లో సరిచెయ్యడానికి అయ్యేది దీనిలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు.

ఇంధనం అడుగంటుతున్నప్పుడు ఉత్తర దక్షిణ సవరణలు ఆపేసి, తూర్పు పడమరలు మాత్రం సరిచూసుకుంటూ ఉపగ్రహాన్ని ఇంకొన్నాళ్లు నడిపించవచ్చు. దీన్ని వంపు కక్ష్య నడక అంటాం. ఉపగ్రహం చావలేదు, సిగ్నల్ అందుకుని తిరిగి పంపే ట్రాన్స్‌పాండర్లు బాగానే ఉన్నాయి, చోటు మాత్రం కొంచెం ఊగుతుంది. మీ ఉపగ్రహం సరిగ్గా ఆ దశలో ఉంది. మీ డిష్‌ని మధ్యకు గురిపెట్టి బిగించారు. ఉపగ్రహం ఉత్తరం కొసకు వెళ్లినప్పుడు ఒకసారి, దక్షిణం కొసకు వెళ్లినప్పుడు ఒకసారి గురి తప్పుతోంది. అందుకే రోజుకు రెండుసార్లు.

లెక్కల మాస్టారు
సెప్టెంబరు 20, మధ్యాహ్నం 12:20

కాగితం మీద వేసి చూశాను. పన్నెండడుగుల డిష్ 4 గిగాహెర్ట్జ్ దగ్గర చూడగలిగే వెడల్పు సుమారు 1.4 డిగ్రీలు, అంటే మధ్య నుంచి అటూ ఇటూ 0.7. అంతదూరం జరిగితే సిగ్నల్ సగానికి సగం. వంపు 0.8 డిగ్రీలు అయిందనుకుంటే ఉపగ్రహం ఉత్తరానికి 590 కి.మీ., మళ్లీ దక్షిణానికి 590 కి.మీ. ఊగుతున్నట్టు. మామూలుగా దాన్ని అటూ ఇటూ 0.1 డిగ్రీ, అంటే 74 కి.మీ. దాటనివ్వరు.

డిష్ సూరి
సెప్టెంబరు 20, మధ్యాహ్నం 1:02

అయితే మాస్టారూ, ఇళ్ల మీద పెట్టే డీటీహెచ్ డిష్ రెండడుగులే కదా. అది చిన్నది కాబట్టి ముందు దానికే పోవాలి కదా?

లెక్కల మాస్టారు
సెప్టెంబరు 20, మధ్యాహ్నం 1:40

తిరగేసి ఆలోచించు సూరీ. డిష్ ఎంత పెద్దదైతే చూపు అంత ఇరుకు. రెండడుగుల కేయూ-బ్యాండ్ (సీ-బ్యాండ్ కన్నా ఎక్కువ ఫ్రీక్వెన్సీ) డిష్ చూపు వెడల్పు దాదాపు 3 డిగ్రీలు. ఒక డిగ్రీ ఊగినా ఆకాశం నిర్మలంగా ఉన్నంతవరకూ బొమ్మ వస్తుంది. వాన కోసం పెట్టుకున్న మిగులు మాత్రం కరిగిపోతుంది, రెండు మబ్బులు పట్టగానే పోతుంది. అందుకే లక్షల ఇళ్ల డిష్‌లు చూసే ఉపగ్రహాన్ని ఇలా ఊగనివ్వరు. పెద్ద కేంద్రాల్లో ఉపగ్రహం వెంటే తిరిగే డిష్‌లు ఉంటాయి. మధ్యలో నలిగేది బిగించిన పెద్ద డిష్ ఉన్న కేబుల్ గారి లాంటివాళ్లు.

బీటెక్ సాహితి
సెప్టెంబరు 20, సాయంత్రం 5:26

నింగి కాపరి గారూ, ఇంధనం అయిపోతోందని కింద కూర్చున్నవాళ్లకి ఎలా తెలుస్తుంది? బండి ట్యాంకులో ఉన్నట్టు ముల్లు ఉంటుందా? బరువే లేని చోట ద్రవం ట్యాంకు అడుగున నిలబడదు కదా?

నింగి కాపరి
సెప్టెంబరు 20, రాత్రి 8:10

మంచి ప్రశ్న అమ్మా. ముల్లు లేదు. మొదటి పద్ధతి పద్దు రాసుకోవడం. ప్రయోగం రోజున ఎన్ని కిలోలు నింపామో తెలుసు. ఏ థ్రస్టరు ఎన్ని సెకన్లు మండిందో ప్రతిసారీ రాస్తాం, తీసివేస్తూ పోతాం. ఒక్కో మండింపులో పొరపాటు గ్రాముల్లోనే ఉంటుంది. పన్నెండేళ్ల పొరపాట్లు కూడితే కిలోలు అవుతాయి. అందుకే చివరి రోజుల్లో, అసలు కచ్చితంగా తెలియాల్సిన రోజుల్లో, ఆ పద్దును ఎక్కువ నమ్మలేం.

రెండోది ట్యాంకులో వాయువు ఒత్తిడి, ఉష్ణోగ్రతలను బట్టి ఖాళీ ఎంతో కట్టడం. మూడోది మీ ఇంట్లో అమ్మగారికి తెలిసిందే. గ్యాస్ సిలిండర్‌లో ఎంత మిగిలిందో చూడటానికి తడిగుడ్డతో తుడుస్తారు చూడండి. గ్యాస్ ఉన్నంతవరకు తడి నెమ్మదిగా ఆరుతుంది, ఖాళీ భాగం చకచకా ఆరిపోతుంది. ఉపగ్రహం ట్యాంకుకు హీటర్ ఉంటుంది. దాన్ని వేసి ట్యాంకు ఎంత త్వరగా వేడెక్కుతుందో చూస్తాం. ఇంధనం ఎక్కువుంటే నెమ్మదిగా, తక్కువుంటే త్వరగా వేడెక్కుతుంది. ఆ గ్రాఫ్ గీత ఎంత నిటారుగా లేచిందో చూసి మిగిలిన కిలోలు అంచనా వేస్తాం. పాత ఉపగ్రహం మీద ఆ పరీక్ష చేసిన రోజు గది నిశ్శబ్దంగా ఉండేది. తెర మీద గీత మేం అనుకున్నదానికన్నా నిటారుగా లేస్తుంటే కడుపులో ఏదో జారినట్టుండేది.

లెక్కల మాస్టారు
సెప్టెంబరు 20, రాత్రి 9:15

సాహితీ, ఈ లెక్క నువ్వూ వేసి చూడు. ఉత్తర దక్షిణ సవరణకు ఏడాదికి వేగంలో కావాల్సిన మార్పు సుమారు సెకనుకు 50 మీటర్లు. రసాయన ఇంధనం మండి బయటికి దూకే వేగం సెకనుకు 2,800 మీటర్ల దరిదాపు. భాగిస్తే 1.8 శాతం. 2,000 కిలోల ఉపగ్రహమైతే ఏడాదికి 35 కిలోలు. 12 ఏళ్లకు నాలుగు క్వింటాళ్లు. కక్ష్యలో చోటు చేరడానికి ఖర్చయ్యేది దీనికన్నా ఎక్కువే. 2020 జనవరిలో వెళ్లిన జీశాట్-30 ప్రయోగ సమయంలో 3,357 కిలోలు ఉంది. నా లెక్క ప్రకారం, రాకెట్ వదిలిన చోటు నుంచి తన చోటుకు చేరేసరికి అందులో వెయ్యి కిలోలకు పైనే మండిపోయి ఉంటుంది.

మిగతాది ఆయుష్షు. అందుకే రాకెట్ కక్ష్యలో ఎంత చక్కగా వదిలితే ఉపగ్రహం అంత ఎక్కువ కాలం బతుకుతుంది. 2001 ఏప్రిల్‌లో శ్రీహరికోట నుంచి వెళ్లిన మొదటి జీఎస్ఎల్‌వీ కొంచెం తక్కువ ఎత్తున వదిలింది. జీశాట్-1 ఆ లోటును తన ఇంధనంతో పూడ్చుకోబోయి, చోటు చేరకుండానే ఖాళీ అయిపోయింది.

పాత యాంటెన్నా
సెప్టెంబరు 21, ఉదయం 7:30

ఈ చర్చ చూస్తుంటే నా చిన్నతనం గుర్తొచ్చింది. 1975-76లో సైట్ ప్రయోగం జరిగింది. అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాది పాటు అరువు తెచ్చుకుని ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లలో టీవీ చూపించారు. మన ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. సరిగ్గా ఏడాదికి గడువు ముగిసింది, ఉపగ్రహం వెళ్లిపోయింది, ఆ టీవీలు మూగబోయాయి. సొంతది ఉండాలన్న పట్టుదల అక్కడ బలపడింది.

సొంతవి వచ్చాక ఆయుష్షులు చూడండి. 1981 జూన్‌లో యాపిల్ అనే ఉపగ్రహం, ఒక సౌర ఫలకం విచ్చుకోకపోయినా రెండేళ్లకు పైగా పనిచేయించారు. ఎడ్లబండి మీద కూర్చోబెట్టి పరీక్షించిన ఫోటో అందరూ చూసే ఉంటారు, ఆ ఉపగ్రహమే. 1982 ఏప్రిల్‌లో ఇన్‌శాట్-1ఎ. అదే ఏడాది సెప్టెంబరుకల్లా ఇంధనం అయిపోయి వదిలేయాల్సి వచ్చింది, అయిదు నెలల బతుకు. మరుసటి ఏడాది ఆగస్టులో ఛాలెంజర్ షటిల్ నుంచి వదిలిన ఇన్‌శాట్-1బికి కూడా మొదట్లో సౌర ఫలకం ఇరుక్కుపోయింది. ఎలాగో విడిపించారు. తరువాత ఊరూరా రిలే కేంద్రాలు పెట్టి దూరదర్శన్‌ను పల్లెలకు తెచ్చింది అదే. 1988లో ఇన్‌శాట్-1సి, కరెంటు లోపంతో సగం పోయి ఏడాదిన్నరలోపే అయిపోయింది. 1990లో వెళ్లిన 1డి ఏడేళ్లు అనుకుంటే పన్నెండేళ్లు చేసింది.

1997 మాత్రం మరచిపోలేను. జూన్‌లో వెళ్లిన ఇన్‌శాట్-2డి అక్టోబరు 4న విద్యుత్ వ్యవస్థ దెబ్బతిని పోయింది. ట్యాంకు నిండా ఇంధనం ఉంది, కరెంటు లేదు. ఆ లోటు పూడ్చడానికి కక్ష్యలో అప్పటికే తిరుగుతున్న అరబ్‌శాట్-1సిని కొనుక్కుని ఇన్‌శాట్-2డిటి అని పేరు పెట్టుకున్నాం. కాబట్టి అంతా ఇంధనమే అనడానికి వీల్లేదు కాపరి గారూ.

నింగి కాపరి
సెప్టెంబరు 21, ఉదయం 9:05

నిజం. నేను చెప్పింది అన్నీ సవ్యంగా ఉన్న ఉపగ్రహం గురించి. 2010 జూలైలో ఇన్‌శాట్-4బికి ఒక సౌర ఫలకం వైపు కరెంటు తేడా వచ్చి 24 ట్రాన్స్‌పాండర్లలో 12 ఆపాల్సి వచ్చింది. మిగతా సగంతో అది ఇంకో పదకొండేళ్లకు పైగా నిలబడింది.

బ్యాటరీ గురించి కూడా చెప్పాలి, ఈ నెల దాని పరీక్షా కాలం. మార్చి, సెప్టెంబరుల్లో విషువత్తుకు (పగలూ రాత్రీ సమానమయ్యే రోజుకు) అటూ ఇటూ కలిపి ఒక్కోసారి సుమారు 45 రోజులు ఉపగ్రహం రోజూ భూమి నీడలోకి వెళుతుంది. ఎక్కువలో ఎక్కువ 72 నిమిషాలు. ఆ కాసేపు బతుకంతా బ్యాటరీ మీదే. మన ఉపగ్రహాలుండే తూర్పు 83 డిగ్రీల చోటు దాదాపు భారత ప్రామాణిక సమయ రేఖ మీద ఉంది, అదే మన కాకినాడ పక్కగా పోయే రేఖ. కాబట్టి అక్కడి ఉపగ్రహానికి గ్రహణం సరిగ్గా మన అర్ధరాత్రి వేళకు వస్తుంది. ఏడాదికి 90 గ్రహణాలు, 15 ఏళ్లకు 1,350 సార్లు బ్యాటరీ దిగి ఎక్కాలి. ముసలి ఉపగ్రహాల్లో ఆ వేళకు కొన్ని ట్రాన్స్‌పాండర్లు ఆపేసి మిగతావాటిని కాపాడుకునే సందర్భాలూ ఉంటాయి.

12 ఏళ్లు అన్న అంకె ఇవన్నీ కలిపి వేసిన హామీ. అన్నాళ్లకు సౌర ఫలకాలు ఎంత వాడిపోతాయో, బ్యాటరీ ఎంత అలుస్తుందో, ఇంధనం ఎంత కావాలో ముందే లెక్కగట్టి, ఆ చివరి రోజున కూడా పూర్తి పని చేసేలా కడతారు. అది మందు సీసా మీది తేదీ కాదు కేబుల్ గారూ. ఆ రోజుకు కూడా నేను మాట తప్పను అని కట్టినవాళ్లు ఇచ్చిన మాట.

తుఫాను డైరీ
సెప్టెంబరు 21, మధ్యాహ్నం 2:18

దానికి నేను చూసిన ఉదాహరణ కల్పన-1. 2002 సెప్టెంబరులో పీఎస్ఎల్‌వీ మీద వెళ్లిన మొదటి వాతావరణ ఉపగ్రహం. కొలంబియా షటిల్ ప్రమాదం తరువాత కల్పనా చావ్లా పేరు పెట్టారు. ఏడేళ్లు అని పంపితే రెట్టింపు కాలం బంగాళాఖాతం మీద కన్నేసి ఉంచింది. మా మచిలీపట్నం వైపు తుఫాను వస్తోందంటే వార్తల్లో తిరిగే మబ్బుల బొమ్మ చాలా ఏళ్లు దాని చూపే. అది 74 డిగ్రీల దగ్గర ఉండేది. ఆ చోటుకేదో ప్రత్యేకత ఉందని ఎక్కడో చదివాను, పెద్దలు చెప్పాలి.

పల్లె గొంతు
సెప్టెంబరు 21, సాయంత్రం 6:40

నేను సైన్సు వాణ్ణి కాదు, మామూలు పన్ను కట్టేవాణ్ణి. ఒక మాట అడుగుతాను, కోపగించుకోకండి. కేబుల్ గారి ఉపగ్రహం ట్రాన్స్‌పాండర్లు బాగున్నాయి అంటున్నారు. ఇంధనం కూడా ఇంకా కొంచెం ఉందంటున్నారు. మరి దాన్ని ఎందుకు తీసేస్తున్నారు? ఆఖరి బొట్టు దాకా వాడుకోవచ్చు కదా? వందల కోట్ల ప్రజాధనం. మేము ట్రాక్టర్ను ఇంజను ఆగేదాకా వాడతాం.

నింగి కాపరి
సెప్టెంబరు 21, రాత్రి 9:55

కోపం ఎందుకండీ, అందరూ అడగాల్సిన ప్రశ్న ఇది. ట్రాక్టర్ ఆగిపోతే మీ పొలం గట్టునే ఆగుతుంది. ఇంధనం అయిపోయిన ఉపగ్రహం అక్కడ నిలబడదు.

డైరీ గారు అడిగిన 74 డిగ్రీల ప్రత్యేకత కూడా ఇక్కడే చెప్తాను. భూమధ్యరేఖ నిండు గుండ్రం కాదు, కొంచెం నొక్కుకుపోయి ఉంటుంది. దానివల్ల భూస్థిర కక్ష్యలో రెండు పల్లపు చోట్లు ఏర్పడ్డాయి. ఒకటి తూర్పు 75 డిగ్రీల దగ్గర, రెండోది పశ్చిమ 105 దగ్గర. గిన్నె అడుగున గోలీ లాగా, వదిలేసిన ఉపగ్రహం ఆ పల్లం చుట్టూ అటూ ఇటూ ఏళ్ల తరబడి ఊగుతుంది. 74లో ఉన్న ఉపగ్రహాలకు తూర్పు పడమరల ఖర్చు తక్కువ, అది మన అదృష్టం. కానీ ప్రపంచంలో ఎవరు ఉపగ్రహాన్ని అనాథగా వదిలేసినా అందులో చాలా భాగం ఊగుతూ వచ్చేది మన వీధిలోకే. 74, 83, 93.5, మన ముఖ్యమైన చోట్లన్నీ ఆ దారిలోనే ఉన్నాయి.

పైగా అనాథ ఉపగ్రహం కక్ష్య వంగుతూ పోయి సుమారు 26 ఏళ్లకు 15 డిగ్రీల దాకా చేరుతుంది. అలాంటిది భూమధ్యరేఖను దాటేటప్పుడు మన ఉపగ్రహానికి తగిలితే ఆ వేగం సెకనుకు 800 మీటర్లు. ఆ ఎత్తులో గాలి లేదు, ముక్కలు కింద పడి కాలిపోవు. మన మనవళ్ల కాలానికీ అక్కడే ఉంటాయి.

అందుకే చివర్లో కొంత ఇంధనం ముట్టుకోకుండా దాచి, దానితో ఉపగ్రహాన్ని పైకి, వేరే ఉపగ్రహాలు లేని కక్ష్యకు పంపిస్తాం. 2022 జనవరిలో ఇన్‌శాట్-4బిని అలా 340 కి.మీ. పైకి తీసుకెళ్లి విశ్రాంతినిచ్చారు.

లెక్కల మాస్టారు
సెప్టెంబరు 21, రాత్రి 10:30

దానికయ్యే ఖర్చు కూడా చూద్దాం పల్లె గొంతు గారూ. కక్ష్యను 300 కి.మీ. పెంచడానికి కావాల్సిన వేగం సెకనుకు 11 మీటర్లు. ఏడాదికి 50 అనుకున్నాం కదా. అంటే మామూలు సేవలో రెండున్నర నెలల ఖర్చు. 1,500 కిలోల దగ్గరికి తగ్గిన ఉపగ్రహానికి ఆరు కిలోలు, పద్దులో తేడా ఉంటుందని ఇంకొంచెం. పన్నెండేళ్ల సేవలో రెండున్నర నెలలు వదులుకుంటున్నాం.

పల్లె గొంతు
సెప్టెంబరు 22, ఉదయం 6:50

అర్థమైంది మాస్టారూ. రెండున్నర నెలలు అంటే ఒప్పుకుంటాను. నేను ఏళ్లకు ఏళ్లు వదిలేస్తున్నారు అనుకున్నాను. పొలం ఖాళీ చేసేవాడు గట్టు సరిచేసి వెళ్లడం లాంటిదన్నమాట. కానీ ఒక బాధ ఉంది. కొత్తది సిద్ధంగా లేకుండా పాతది తీసేస్తే?

పాత యాంటెన్నా
సెప్టెంబరు 22, ఉదయం 10:12

అసలు గుండెల మీద కుంపటి అదే. ఉపగ్రహం ఎప్పుడు పోతుందో ఏళ్ల ముందే తెలుసు. కొత్తది కట్టి, పరీక్షించి, రాకెట్ దొరికించుకుని పంపడానికి కూడా ఏళ్లు పడుతుంది. 2005 డిసెంబరులో వెళ్లిన ఇన్‌శాట్-4ఎకి 12 ఏళ్లు అన్నారు. దాని స్థానంలోకి జీశాట్-30 వెళ్లింది 2020 జనవరిలో. దాదాపు రెండేళ్లు అదనంగా పాతదే మోసింది. మధ్యలో ఇన్‌శాట్-4సి 2006లో, జీశాట్-5పి 2010లో శ్రీహరికోట నుంచి లేచిన కాసేపటికే రాకెట్‌తో పాటు పోయాయి. అలాంటి ప్రతి దెబ్బకూ పాత ఉపగ్రహాల మీద ఇంకాస్త బరువు పడుతుంది. వంపు కక్ష్యలో నడపడం అనేది ఇంజనీర్ల ముచ్చట కాదు, కొత్తది వచ్చేదాకా గొడ్డు చాకిరీ.

ఇంకొకటి, చోటు హక్కు. కక్ష్యలో చోటు, ఫ్రీక్వెన్సీ అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ దగ్గర నమోదై ఉంటాయి. వాడకం ఆపితే మూడేళ్ల వరకే గడువు. ఆలోపు మళ్లీ అక్కడ ఉపగ్రహం పనిచేయాలి. లేకపోతే హక్కు పోతుంది, మళ్లీ వరుసలో వెనక నుంచే మొదలు.

బీటెక్ సాహితి
సెప్టెంబరు 22, రాత్రి 7:45

నాకొక ఆశ కనిపిస్తోంది. మాస్టారి లెక్కలోనే రసాయన ఇంధనం బదులు విద్యుత్ థ్రస్టర్ పెట్టి చూశాను. జెనాన్ వాయువును విద్యుత్‌తో సెకనుకు 16,000 మీటర్ల వేగంతో తోస్తే ఏడాదికి 35 కిలోలకు బదులు 6 కిలోలు చాలు! 2017లో వెళ్లిన జీశాట్-9లో ఇలాంటి విద్యుత్ థ్రస్టర్లు పెట్టారు. ఇంకోటి, 2020 ఫిబ్రవరిలో అమెరికా వాళ్ల ఎంఈవీ-1 అనే సేవా ఉపగ్రహం వెళ్లి ఇంధనం తగ్గిన ఇంటెల్‌శాట్-901కి అతుక్కుని దాన్ని మళ్లీ పనిలో పెట్టింది. మనం కూడా 2025 జనవరిలో స్పేడెక్స్‌తో రెండు ఉపగ్రహాలను కలిపాం. అది తక్కువ ఎత్తులోనే అనుకోండి. అయినా అక్కడి నుంచే కదా మొదలు. నా ప్రాజెక్టు దీని మీదే చేద్దామనుకుంటున్నాను.

నింగి కాపరి
సెప్టెంబరు 22, రాత్రి 10:20

చెయ్యమ్మా. ఒక్క సూచన. 36 వేల కి.మీ. దగ్గర అతుక్కోవాల్సిన ముసలి ఉపగ్రహానికి పట్టుకునే పిడి ఉండదు. ఎక్కడ పట్టుకోవాలో అక్కడి నుంచి మొదలుపెట్టు.

కోనసీమ కేబుల్
సెప్టెంబరు 23, ఉదయం 9:00

కాపరి గారూ, ఇంకొక్కటి అడగాలనిపిస్తోంది. ఆఖరి రోజున ఏం చేస్తారు?

నింగి కాపరి
సెప్టెంబరు 23, రాత్రి 11:30

నేను ఉన్న ఒక రాత్రి సంగతి చెప్తాను. ఏ ఉపగ్రహమో అనవసరం. పైకి తీసుకెళ్లే మండింపులు వారం రోజుల పాటు విడతలుగా చేశాం. ఆఖరి విడతలో థ్రస్టర్ ఒత్తిడి గీత ఒక్కసారి వణికింది. ట్యాంకులో ద్రవానికి బదులు వాయువు రావడం మొదలైంది. మేం అనుకున్నదానికి కిలో అటూ ఇటూగా సరిపోయింది. తరువాత మిగిలిన వాయువంతా బయటికి వదిలేశాం, ట్యాంకు ఎప్పటికీ పేలకుండా. బ్యాటరీని సౌర ఫలకాల నుంచి విడదీసి ఖాళీ చేశాం. చివరగా ట్రాన్స్‌మిటర్ ఆపే కమాండ్.

స్పెక్ట్రమ్ అనలైజర్ తెర మీద దాని టెలిమెట్రీ సిగ్నల్ (తన స్థితి చెప్పే సిగ్నల్) సన్నటి మొలకలా నిలబడి ఉండేది. షిఫ్టుకు రాగానే ముందు దాన్ని చూడటం నాకు అలవాటు. కమాండ్ పంపి పావు సెకను అయిందో లేదో ఆ మొలక కిందకు పడిపోయింది. నాయిస్ గీత మాత్రం మిగిలింది. ఎవరూ మాట్లాడలేదు. మాతోపాటు కూర్చున్న కుర్రాడు, ఆ ఉపగ్రహం వెళ్లిన ఏడాది ఒకటో క్లాసు చదివిన కుర్రాడు, లాగ్‌బుక్కులో సమయం రాసి సంతకం పెట్టాడు. మరుసటి రోజు షిఫ్టుకు వెళ్లి అలవాటు కొద్దీ మళ్లీ ఆ తెర వైపే చూశాను.

డిష్ సూరి
సెప్టెంబరు 24, ఉదయం 8:15

కేబుల్ అన్నా, రేపు నేను వస్తాను. ఇద్దరం కలిసి కొత్త ఉపగ్రహానికి తిప్పేద్దాం. మీటర్ నా దగ్గర ఉంది. అయితే జాక్ తుప్పు పట్టి ఉంటుంది, ముందే నూనె పోసి ఉంచు.

కోనసీమ కేబుల్
సెప్టెంబరు 28, రాత్రి 9:40

సూరి వచ్చాడు. రెండు గంటల పని. పక్కనున్న పదడుగుల డిష్ కొత్త ఉపగ్రహానికి తిప్పాం, క్వాలిటీ 84 దగ్గర గీత గీసినట్టు నిలబడింది. పగలూ రాత్రీ అదే అంకె. ఛానెళ్లన్నీ అందులోకి మార్చేశాను, అప్పటి నుంచి ఒక్క ఫోన్ కూడా రాలేదు.

పన్నెండడుగుల డిష్ మాత్రం పాతదాని వైపే ఉంచాను. నెలాఖరు దాకా సిగ్నల్ ఉంటుంది కదా. కాపరి గారు చెప్పినప్పటి నుంచీ నోటుబుక్కు దాని కోసమే రాస్తున్నాను. ఇవాళ మధ్యాహ్నం 12:34కి పడింది, మాస్టారి లెక్క ప్రకారమే.

కోనసీమ కేబుల్
అక్టోబరు 2, ఉదయం 7:05

నిన్న రాత్రి 11:50 దాకా సిగ్నల్ ఉంది. పొద్దున్న లేచి చూస్తే లేదు. మధ్యాహ్నం దాకా చూశాక నోటుబుక్కులో రాస్తాను. డిష్ ఇంకా తిప్పలేదు.